బిడ్డకు వైద్యం వద్దనే హక్కు: మతవిశ్వాసానికి చట్టం పెట్టిన హద్దులు

ప్రార్థనతోనే నయమవుతుందని నమ్మి ఆసుపత్రికి తీసుకువెళ్లకపోవడం వల్ల ఒక బిడ్డ చనిపోయిందన్న వార్త వచ్చినప్పుడు గానీ, తల్లిదండ్రులు వద్దంటున్నా ఒక పసికందుకు రక్తం ఎక్కించమని న్యాయస్థానం ఆదేశించిందన్న వార్త వచ్చినప్పుడు గానీ, చర్చ వెంటనే రెండు పక్షాలుగా చీలిపోతుంది. ఒకరు దాన్ని మూఢనమ్మకం అంటారు, మరొకరు ప్రభుత్వం కుటుంబంలోకి చొరబడడం అంటారు. అయితే ఈ రెండు వార్తలూ రెండు వేరు ప్రశ్నలకు సంబంధించినవి. జరిగిపోయిన నష్టానికి ఎవరిని, ఎంతవరకు శిక్షించాలన్నది ఒకటి. జరగబోయే నష్టాన్ని ఎవరు, ఏ అధికారంతో ఆపాలన్నది మరొకటి. గందరగోళంలో చాలా భాగం ఈ రెంటినీ కలిపేసి మాట్లాడడం వల్లనే పుడుతోంది. ఆపే విషయంలో అమెరికా, బ్రిటన్, కెనడా న్యాయస్థానాలు దశాబ్దాలుగా దాదాపు ఒకే దారిలో నడిచాయి. శిక్షించే విషయంలో మాత్రం ఒకే దేశంలోని రాష్ట్రాలు సైతం ఒక్కమాట మీద లేవు.

తన శరీరం మీద హక్కు, బిడ్డ శరీరం మీద అధికారం

మతి స్థిమితంగా ఉన్న ఒక వయోజనుడు తనకు చికిత్స వద్దంటే, ఆ నిర్ణయం వల్ల ప్రాణం పోతుందని తెలిసినా వైద్యులు బలవంతం చేయకూడదు. అతని కారణం వైద్యులకు సమంజసంగా తోచనక్కరలేదు. అసలు కారణమే చెప్పనక్కరలేదు. తన శరీరం మీద తనకున్న హక్కు నుంచి ఆ అధికారం వస్తుంది. పసిబిడ్డ అలా నిర్ణయించుకోలేదు కాబట్టి ఆ పని తల్లిదండ్రులకు అప్పగిస్తారు. వారు బిడ్డను అందరికన్నా ఎక్కువ ఎరుగుదురు, అందరికన్నా ఎక్కువ ప్రేమిస్తారు, నిర్ణయం ఫలితాన్ని బిడ్డతో పాటు అనుభవించేదీ వారే. ఆ అధికారం మాత్రం బిడ్డ తరఫున వాడవలసినది. తమ శరీరం గురించి తల్లిదండ్రులకు ఉన్న హక్కు యథాతథంగా బిడ్డ శరీరానికి బదిలీ కాదు.

ఈ భేదం నుంచే రెండవ సూత్రం పుట్టింది. తల్లిదండ్రులు ఆ బాధ్యతను నిర్వర్తించలేని స్థితిలో, లేదా నిర్వర్తించడానికి సిద్ధంగా లేని స్థితిలో, బిడ్డకు చివరి సంరక్షకత్వం రాజ్యానిది. ఇంగ్లాండు న్యాయసంప్రదాయంలో దీనికి పేరెన్స్ పేట్రియే అనే లాటిన్ పేరు ఉంది. న్యాయమూర్తి ఒక పసిబిడ్డ చికిత్సకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ అధికారాన్నే వాడతాడు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఈ చిక్కుముడిని ఒకే పత్రంలో మన ముందు పెడుతుంది. బిడ్డ మేలుకే ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలని 3వ అధికరణం చెబుతుంది. బిడ్డ మతస్వేచ్ఛను వాడుకునే విషయంలో మార్గదర్శనం చేసే హక్కు తల్లిదండ్రులకు ఉందని 14వది గుర్తిస్తుంది. సాధ్యమైనంత ఉన్నతమైన ఆరోగ్యస్థాయి బిడ్డకు అందాలని 24వది అంటుంది. మామూలు రోజుల్లో ఈ మూడూ ఒకదానితో ఒకటి పేచీ పడవు.

విశ్వాసం లోపలి నుంచి చూస్తే

వైద్యం వద్దనే విశ్వాసాలన్నీ ఒక తీరువి కావు. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖవారు ఆసుపత్రికి వెళతారు, మందులు వాడతారు, శస్త్రచికిత్సలు చేయించుకుంటారు. రక్తానికి దూరంగా ఉండమని ఆదికాండము, లేవీయకాండము, అపొస్తలుల కార్యములు ఆదేశిస్తున్నాయని వారి వ్యాఖ్యానం. దాని ప్రకారం 1945 నుంచి రక్తం ఎక్కించుకోవడాన్ని నిరాకరిస్తున్నారు. రక్తం నుంచి విడదీసిన కొన్ని సూక్ష్మాంశాల విషయాన్ని మాత్రం ఎవరి మనస్సాక్షికి వారికి వదిలేశారు. 19వ శతాబ్దంలో మేరీ బేకర్ ఎడ్డీ స్థాపించిన క్రిస్టియన్ సైన్స్ దృష్టి ఇందుకు పూర్తిగా వేరు. దైవసత్యాన్ని సరిగా గ్రహించి ప్రార్థిస్తే రోగం తొలగుతుందన్నది వారి బోధ. రోగికి సంఘపెద్దలు నూనె రాసి ప్రార్థించాలన్న యాకోబు పత్రికలోని మాటను అక్షరాలా పాటించే చిన్న సంఘాలు మరికొన్ని ఉన్నాయి.

నిర్లక్ష్యం అనగానే మనకు తోచే తల్లిదండ్రులు వీరిలో చాలామంది కారు. వైద్యం అందక చనిపోయిన పిల్లల కేసులు చదివితే, రాత్రంతా మంచం పక్కన కూర్చుని ప్రార్థించిన తల్లులు, బంధువులందరినీ పిలిపించిన తండ్రులు కనిపిస్తారు. ఐహికమైన నాలుగు రోజుల ఆయుష్షు కన్నా నిత్యజీవం పెద్దదని మనసా నమ్మినవారికి, రక్తం ఎక్కించి బిడ్డను బతికించడమన్నది బిడ్డకు చేసే మేలుగా కనిపించదు. ఆ లెక్కలో తర్కలోపం వెతకడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే లోపం అంటూ ఉంటే అది తర్కంలో కాక దాని పునాదిలో ఉంది, పునాది సత్యమో కాదో తేల్చడం న్యాయస్థానం పని కాదు.

అందుకే న్యాయమూర్తులు మతసత్యం జోలికి పోకుండా వేరొక ప్రశ్న వేశారు: ఈ విశ్వాసం ఎవరిది? 1944లో ప్రిన్స్ వర్సెస్ మసాచుసెట్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు మూలం. నిజానికి అది వైద్యం గురించిన కేసే కాదు. ఒక యెహోవాసాక్షి తన సంరక్షణలో ఉన్న తొమ్మిదేళ్ల పాపతో వీధిలో మతపత్రికలు పంచిపెట్టించడం బాలకార్మిక చట్టానికి విరుద్ధమా అన్నది వివాదం. తల్లిదండ్రులు తాము మతం కోసం ప్రాణాలు అర్పించవచ్చు గానీ, పిల్లలు స్వయంగా ఎంచుకోగల వయసుకు రాకముందే వారిని బలిదానానికి నిలబెట్టే స్వేచ్ఛ వారికి లేదని ఆ తీర్పు అన్నది. తరువాత వచ్చిన వైద్యసంబంధమైన తీర్పులు ఈ వాక్యం మీదనే ఎక్కువగా ఆధారపడ్డాయి. ఈ రోజు పసిబిడ్డగా ఉన్న మనిషి రేపు పెద్దయ్యాక అదే మతాన్ని స్వీకరించవచ్చు, వదిలేయనూ వచ్చు. ఆ ఎంపిక చేసుకోవాలంటే ముందు పెద్దవ్వాలి.

ముందుగా ఆపడం: ఒక కెనడా పసిపాప ఉదాహరణ

నెల తక్కువగా పుట్టిన ఒక పాప టొరంటోలో చికిత్స పొందుతోంది. యెహోవాసాక్షులైన తల్లిదండ్రులు అన్ని చికిత్సలకూ ఒప్పుకొని, రక్తం మాత్రం వద్దన్నారు. కొన్ని వారాలకు హిమోగ్లోబిన్ ప్రమాదకరంగా పడిపోయింది. శిశుసంక్షేమ సంస్థ న్యాయస్థానానికి వెళితే, కొద్దిపాటి వ్యవధిలో విచారణ జరిపి, 72 గంటల పాటు పాప సంరక్షకత్వాన్ని ఆ సంస్థకు అప్పగించారు. తరువాత దాన్ని మరో 21 రోజులు పొడిగించారు. కంటి పరీక్ష, శస్త్రచికిత్సల సందర్భంలో రక్తం ఎక్కించారు. ఆపైన పాపను తల్లిదండ్రులకు తిరిగి అప్పగించారు.

1995లో కెనడా సుప్రీంకోర్టు ఈ ప్రక్రియను సమర్థించింది. ఫలితం విషయంలో న్యాయమూర్తులంతా ఏకమైనా, కారణాల విషయంలో విడిపోయారు. బిడ్డ వైద్యం గురించి నిర్ణయించే హక్కు రాజ్యాంగం హామీ ఇచ్చిన స్వేచ్ఛలో భాగమేననీ, న్యాయమైన ప్రక్రియ ద్వారా దాన్ని పరిమితం చేయవచ్చనీ కొందరన్నారు. బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్ణయం అసలు ఆ స్వేచ్ఛ పరిధిలోకే రాదని మరికొందరన్నారు. తేడా పండితులకు మాత్రమే పనికొచ్చేదిగా కనిపించవచ్చు గానీ ఆచరణలో దానికి విలువ ఉంది. హక్కు ఉందని ఒప్పుకుంటే దాన్ని తగ్గించే ప్రతిసారీ ప్రభుత్వం కారణం చూపాలి, తల్లిదండ్రులకు తెలియజేయాలి, వారి వాదన వినాలి, అవసరమైనంత మేరకే కలుగజేసుకోవాలి. పరిధిలోకే రాదంటే ఈ రక్షణలు బలహీనపడతాయి. ఇక్కడ పాప సంరక్షకత్వాన్ని శాశ్వతంగా లాక్కోలేదు, మతబోధను ఆపలేదు. ఒక్క చికిత్స కోసం, కొన్ని రోజుల కోసం, ఒక్క సంతకం చేసే అధికారాన్ని తీసుకున్నారు.

నిమిషాల మీద ప్రాణం పోయే పరిస్థితిలో మాత్రం న్యాయస్థానం ఆదేశం కోసం ఆగనవసరం లేదన్నది విస్తృతంగా అంగీకరించిన నియమం. ఆదేశం ముందు, చికిత్స తరువాత అన్న క్రమం వ్యవధి ఉన్నప్పుడే.

తరువాత శిక్షించడం: చట్టం తనతో తానే విభేదించిన చోట

శిక్షల చరిత్ర ఇంగ్లాండులో 1868 నాటి ఒక కేసుతో మొదలుపెట్టడం తేలిక. ఊపిరితిత్తుల వ్యాధితో ఒక పసిబిడ్డ చనిపోయింది. పెక్యూలియర్ పీపుల్ అనే సంఘానికి చెందిన తల్లిదండ్రులు వైద్యుణ్ణి పిలవకుండా ప్రార్థించారు. వారి చిత్తశుద్ధిని చూసి న్యాయస్థానం నిర్దోషులుగా వదిలేసింది. ఆనాటి వైద్యం ఎంత నమ్మదగినదన్న ప్రశ్న కూడా అర్థంలేనిది కాదు. క్రిమినాశకాల వాడకం అప్పుడప్పుడే మొదలవుతోంది. కానీ అదే ఏడాది పార్లమెంటు, బిడ్డకు కావాలని వైద్యసహాయం అందించకపోవడాన్ని నేరంగా మార్చింది. ఆ శతాబ్దం ముగిసేసరికి అదే సంఘానికి చెందిన మరో తండ్రి ఈ రకమైన కేసులోనే దోషిగా తేలాడు. ఉద్దేశం మంచిదే అన్న మాట అక్కడితో రక్షణగా పనికిరాకుండా పోయింది.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. 1974లో బాలలపై హింసను నివారించే సమాఖ్య చట్టం వచ్చినప్పుడు, దానికి అనుబంధంగా చేసిన నిబంధనలు ఆ చట్టం కింద వచ్చే నిధులు కావలసిన రాష్ట్రాలు తమ చట్టాల్లో మతపరమైన మినహాయింపు పెట్టాలని కోరాయి. మతవిశ్వాసం మేరకు ప్రార్థన ద్వారా బిడ్డకు స్వస్థత కోరే తల్లిదండ్రులను, ఆ ఒక్క కారణంగా నిర్లక్ష్యం చేసినవారిగా పరిగణించరాదన్నది స్థూలంగా వాటి సారం. 1983లో ఆ షరతును ఎత్తివేసినా, రాష్ట్రాల చట్టపుస్తకాల్లో చేరిన మినహాయింపులు చాలావరకు అలాగే ఉండిపోయాయి. ఫలితంగా ఒకే రాష్ట్రపు చట్టంలో ఒక సెక్షను ప్రార్థనను అనుమతిస్తున్నట్టు ఉంటుంది, ఇంకో సెక్షను నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే నరహత్య అంటుంది. ప్రార్థన ఎప్పటి వరకు అనుమతి, ఎప్పటి నుంచి నేరం? బిడ్డ చనిపోయిన క్షణం నుంచా?

ఈ ప్రశ్నకు న్యాయస్థానాలు ఇచ్చిన జవాబులు పరస్పరం పొసగవు. మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపుతో) నాలుగేళ్ల పాప చనిపోయిన కేసులో, మినహాయింపు ఉన్నా నరహత్య అభియోగం మీద విచారణ జరపవచ్చని 1988లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అన్నది. మధుమేహంతో ఏడేళ్ల పాప చనిపోయిన కేసులో తల్లిదండ్రులకు పడిన శిక్షను 1992లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు కొట్టివేసింది; ఎక్కడ ఆగాలో చట్టం ముందుగా స్పష్టంగా చెప్పనప్పుడు దాటినందుకు శిక్షించడం అన్యాయమన్నది దాని తర్కం. పేగు మూసుకుపోయి రెండేళ్ల బాబు చనిపోయిన కేసులో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా 1993లో శిక్షను రద్దు చేసింది, అయితే మినహాయింపు నరహత్యకు వర్తించదని చెబుతూనే. మరుసటి తరంలో, మధుమేహంతోనే పదకొండేళ్ల పాప చనిపోయిన కేసులో 2013లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు శిక్షలను ఖాయం చేసింది. దాదాపు ఒకే వ్యాధి, ఒకే ప్రవర్తన, ఒకే రకమైన మినహాయింపు. ఒకచోట విముక్తి, ఇంకొకచోట శిక్ష.

మసాచుసెట్స్ తన మినహాయింపును 1993లోనే తొలగించింది, ఓరెగాన్ 2011లో మిగిలిన రక్షణను తీసేసింది. ఇలాంటి మినహాయింపులను రద్దు చేయాలని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 1988 నుంచీ కోరుతోంది. ఆ వాదనకు అండగా తరచు పేర్కొనేది 1998లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం. 1975 నుంచి 1995 వరకు మతకారణంగా వైద్యం అందక చనిపోయిన 172 మంది పిల్లల వివరాలను దాని రచయితలు పరిశీలించారు. వారిలో 140 మందికి వచ్చిన జబ్బులు వైద్యం అందితే 90 శాతానికి పైగా బతికే అవకాశం ఉన్నవి. రచయితల దృష్టికి వచ్చిన మరణాలే ఇందులో ఉన్నాయి కనుక దీన్ని మొత్తం లెక్కగా తీసుకోకూడదు.

మినహాయింపులను సమర్థించేవారి మాటను కూడా తేలికగా కొట్టిపారేయలేం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను జైలుకు పంపడం వల్ల బిడ్డ తిరిగి రాదు. నిత్యజీవం కోసం నిర్ణయం తీసుకున్నవారిని కొన్నేళ్ల శిక్ష భయపెడుతుందా అన్నది అనుమానమే. శిక్షకు భయపడి కుటుంబాలు జబ్బును దాచిపెడితే, ముందుగా ఆపగలిగే అవకాశమే పోవచ్చు. వ్యతిరేకులు దీనికి ఎదురు ప్రశ్న వేస్తారు: మినహాయింపు ఉంటే ఉపాధ్యాయుడో, పొరుగువారో ఫిర్యాదు చేయడానికి ముందే వెనకాడరా? పైగా మతం పేరు చెప్పిన తల్లిదండ్రులకు దొరికే రక్షణ, మరో నమ్మకంతో అదే పని చేసిన తల్లిదండ్రులకు దొరకనప్పుడు, చట్టం ముందు ఆ ఇద్దరు పిల్లలూ సమానులెలా అవుతారు? నాకు ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా బలమైనదిగా తోస్తుంది.

చికిత్సే అనిశ్చితమైతే

ఇంతవరకు చూసినవి చాలావరకు, ఇన్సులిన్ ఇస్తే బతికే బిడ్డల కథలు. అసలు కష్టం చికిత్స ఫలితమే అటూ ఇటూగా ఉన్నప్పుడు మొదలవుతుంది. అమెరికాలోని డెలవేర్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1991 నాటి తీర్పులోని కేసు ఇందుకు మంచి ఉదాహరణ. క్రిస్టియన్ సైన్స్ అనుసరించే దంపతుల మూడేళ్ల కొడుకుకు బర్కిట్స్ లింఫోమా అనే వేగంగా పెరిగే క్యాన్సర్ వచ్చింది. పేగు అడ్డంకిని తొలగించే శస్త్రచికిత్సకు వారు ఒప్పుకొన్నారు, కీమోథెరపీని నిరాకరించారు. చికిత్స చేస్తే బతికే అవకాశం 40 శాతం; చేయకపోతే కొన్ని నెలల్లో మరణం. చికిత్స దానంతటదే తీవ్రమైన బాధ కలిగించేది, ప్రాణాపాయం కూడా ఉన్నది. న్యాయస్థానం తల్లిదండ్రుల పక్షాన నిలిచింది. ఆ బాబు కొద్దికాలానికే చనిపోయాడు.

వాళ్ల మతం గొప్పదని ఆ న్యాయస్థానం అనలేదు. చికిత్స ఫలించే అవకాశాన్ని, అది మోపే బాధను, లేకపోతే జరిగే నష్టాన్ని త్రాసులో వేసి చూసింది. అవే అంకెలు కాస్త మారితే తీర్పు కూడా మారేది. గెలుపు అవకాశం 90 శాతమనుకుందాం, అప్పుడు ఏ న్యాయస్థానమైనా చికిత్సకే ఆదేశిస్తుందని దాదాపు నమ్మకంగా చెప్పవచ్చు. 5 శాతమే అనుకుందాం, అప్పుడు మతం ప్రస్తావనే లేకుండా వద్దన్న తల్లిదండ్రులను కూడా ఎవరూ తప్పుపట్టరు. వాదమంతా మధ్యలో ఉంది. ఆ 40 శాతం అవకాశాన్ని బిడ్డ నుంచి తీసేసే అధికారం ఎవరికీ ఉండకూడదనే విమర్శకులు ఈ తీర్పును ఇప్పటికీ తప్పుపడతారు, వారి మాటలోనూ బలం ఉంది.

ఈ తూకానికి నీతిశాస్త్రవేత్తలు రెండు కొలతలు చెబుతారు. మొదటిది బిడ్డకు అన్నిటికన్నా మేలైనది ఏదన్న ప్రశ్న. అది వినడానికి బాగుంటుంది గానీ, అక్షరాలా అమలు చేస్తే ఏ తల్లిదండ్రులూ నిలవలేరు. ప్రతి విషయంలోనూ అత్యుత్తమమైనదే ఎంచుకునే ఇల్లు లోకంలో ఉండదు. అందుకని అమెరికా పిల్లల వైద్యుడు, నీతిశాస్త్రవేత్త డగ్లస్ డీకెమా 2004లో, హానిని హద్దుగా పెట్టాలని వాదించాడు. నిరాకరణ బిడ్డను తీవ్రమైన, త్వరలో సంభవించే ప్రమాదంలో పడేస్తేనే, ప్రతిపాదించిన చికిత్స పనిచేస్తుందని రుజువై ఉంటేనే, తల్లిదండ్రులకు అంగీకారమైన మరో దారి లేకపోతేనే ప్రభుత్వం కలుగజేసుకోవాలన్నది అందులో ముఖ్యాంశం. ఈ కొలతతో చూస్తే, కొన్ని నెలలు వాయిదా వేసినా నష్టంలేని శస్త్రచికిత్సను మతకారణంగా వద్దన్న తల్లిదండ్రుల జోలికి ఎవరూ పోరు. రక్తస్రావంతో ఉన్న బిడ్డ విషయంలో క్షణం ఆగరు.

రెండు కొలతలూ చేతులెత్తేసే కేసులు కూడా ఉన్నాయి. 2000లో ఇంగ్లాండులో అతుక్కుపుట్టిన కవలల కేసు అలాంటిది. విడదీయకపోతే కొన్ని నెలల్లో ఇద్దరూ చనిపోతారు. విడదీస్తే ఒకరు బతుకుతారు, రెండవ పాప శస్త్రచికిత్స బల్ల మీదనే పోతుంది. కేథలిక్కులైన తల్లిదండ్రులు, ఒకరిని బతికించడానికి మరొకరిని చంపడం దైవసమ్మతం కాదని నిరాకరించారు. అప్పీలు న్యాయస్థానం విడదీయడానికి అనుమతించింది, నవంబరులో శస్త్రచికిత్స జరిగింది, అనుకున్నట్టే ఒక పాప బతికింది. ఇక్కడ తల్లిదండ్రులు కాదన్నది వైద్యాన్ని అనడం కష్టం. మతం లేనివారిలోనూ అదే జవాబు చెప్పేవారు చాలామంది ఉంటారు.

బిడ్డే వద్దంటే

పదిహేనేళ్ల పిల్లవాడు, తనకు అన్నీ తెలిసే, రక్తం వద్దంటే ఏం చేయాలి? 1985లో గిల్లిక్ కేసులో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా కూడా పనిచేసిన బ్రిటన్ ప్రభువుల సభ, తగినంత అవగాహన ఉన్న 16 ఏళ్లలోపు పిల్లలు చికిత్సకు స్వయంగా సమ్మతించవచ్చని తీర్పు చెప్పింది. అయితే సరేననే శక్తి ఉన్నవారికి వద్దనే శక్తి కూడా ఉన్నట్టేనా అన్న ప్రశ్న మిగిలిపోయింది. పదహారు నిండబోతున్న, లుకేమియాతో (రక్తక్యాన్సర్‌తో) బాధపడుతున్న ఒక యెహోవాసాక్షి బాలుడి విషయంలో, అతని తెలివితేటలను మెచ్చుకుంటూనే ఇంగ్లాండు హైకోర్టు రక్తం ఎక్కించమని ఆదేశించింది. పద్దెనిమిది నిండాక అతడు తన హక్కు ప్రకారం నిరాకరించి మరణించాడు. ఆ రెండేళ్ల పొడిగింపు అతనికి ఆలోచించుకునే వ్యవధి అయిందో, బలవంతపు నిరీక్షణ అయిందో చెప్పడం తేలిక కాదు.

2009లో కెనడా సుప్రీంకోర్టు దీనికి మెట్లమెట్లుగా జవాబు చెప్పింది. పదిహేనేళ్లకు రెండు నెలలు తక్కువ వయసున్న ఒక బాలిక కేసు అది. ఆమెకు పేగుల వ్యాధి వల్ల లోపల రక్తస్రావమైంది. మానసిక వైద్యులు ఆమెకు అవగాహన ఉందని చెప్పినా కెనడాలోని మానిటోబా రాష్ట్ర న్యాయస్థానం ఆదేశంతో రక్తం ఎక్కించారు. అలా ఆదేశించే అధికారమిచ్చిన రాష్ట్ర చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్నది గానీ, ఒక షరతు పెట్టింది: బిడ్డ మేలు అన్నప్పుడు బిడ్డ పరిణతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి, పరిణతి పెరిగే కొద్దీ ఆమె మాటకు బరువు పెరగాలి. ఆ మాట నిజంగా ఆమెదేనా, పుట్టినప్పటి నుంచీ విన్న మాటా అన్నది విచారించే బాధ్యత న్యాయమూర్తిదే. ఏ వయోజనుణ్ణీ ఆ ప్రశ్న అడగం, అది వేరే సంగతి.

టీకాల విషయం ఎందుకు వేరు

టీకాల వివాదాన్ని కూడా దీనితో కలిపి మాట్లాడుతుంటారు, కానీ దాని లెక్క వేరు. టీకా వేయించని బిడ్డకు ఆ రోజు ఏ ప్రమాదమూ ఉండకపోవచ్చు. ప్రమాదం సంభావ్యతగా ఉంటుంది, ఇతరుల పిల్లలకూ పంచబడుతుంది. అందుకే ప్రభుత్వాలు సాధారణంగా బిడ్డను పట్టుకుని సూది వేయవు, బడిలో చేరడానికి టీకాను షరతుగా పెడతాయి. కాలిఫోర్నియా 2015లో వ్యక్తిగత విశ్వాసపు మినహాయింపును, న్యూయార్క్ 2019లో తట్టు వ్యాప్తి నడుమ మతపరమైన మినహాయింపును ఎత్తివేశాయి.

ఆసుపత్రిలో నిజంగా జరిగేది

తీర్పుల దాకా వెళ్లేవి తక్కువ. యెహోవాసాక్షులకు వైద్యులతో మాట్లాడే సంప్రదింపుల సంఘాలు ఉన్నాయి. శస్త్రచికిత్సకు ముందే ఇనుము, ఎర్రరక్తకణాల ఉత్పత్తిని పెంచే ఎరిత్రోపొయిటిన్ ఇచ్చి హిమోగ్లోబిన్ పెంచడం, పరీక్షలకు తీసే రక్తాన్ని తగ్గించడం, కారిన రక్తాన్ని శుద్ధిచేసి అదే రోగికి తిరిగి ఎక్కించే యంత్రాలు వాడడం వంటి పద్ధతుల వల్ల ఒకప్పుడు రక్తం తప్పనిసరైన కొన్ని శస్త్రచికిత్సలు ఇప్పుడు అది లేకుండానే జరుగుతున్నాయి. ఇవన్నీ వ్యవధి ఉన్నప్పుడే సాధ్యం. ఆ వ్యవధిలోనే వైద్యులు, ఏ స్థాయికి హిమోగ్లోబిన్ పడిపోతే న్యాయస్థానానికి వెళతామో తల్లిదండ్రులకు ముందుగా చెప్పిపెడతారు. అలా చెప్పినప్పుడు వారు సంతకం చేయనవసరం లేదు, అడ్డుపడనవసరమూ లేదు. ఆదేశం వచ్చాక నిర్ణయం తమది కాదు కాబట్టి విశ్వాసాన్ని వదులుకున్నట్టు కాదని భావించే కుటుంబాలు ఉన్నాయి. తమ బిడ్డ శరీరంలోకి తాము అంగీకరించనిది బలవంతంగా ఎక్కించారని ఏళ్ల తరబడి బాధపడే కుటుంబాలూ ఉన్నాయి. అందువల్ల ఆ గదిలోకి మత్తువైద్యుడితో పాటు ఆ కుటుంబం నమ్మే సంఘపెద్దను కూడా పిలిచే ఆసుపత్రులు ఉన్నాయి, ఆదేశం కోరే ముందే.